అహోబిలంలో పలచటి పరుపు

తొమ్మిది నరసింహ స్వామి గుళ్ళున్న అహోబిలం నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. మోకాళ్ళు ఇంకా మొరాయిస్తూనే ఉన్నాయి. ఈసారి నాతో అక్క కూడా వచ్చింది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. నిద్రలో లేపి అడిగినా ప్రహ్లాద చరిత్ర పద్యాలు అప్పజెప్తుంది. అలాంటివాళ్ళతో క్షేత్రాలకి వెళ్తే దర్శనం కన్నా దారిలో మాటలే ఎక్కువ గుర్తుంటాయి.

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో నంద్యాల, అక్కణ్ణుంచి ఆళ్ళగడ్డ మీదుగా వెళ్ళాం. ఆళ్ళగడ్డలో ఉగ్గాని, బజ్జీ తిని కదలండి, పైన దొరికే టిఫిన్ అంతంత మాత్రమే. దిగువ అహోబిలంలో ఉండటానికి మఠం వసతి, టూరిజం వాళ్ళ హరిత హోటల్, కులాలవారీ సత్రాలు ఉన్నాయి. శని ఆదివారాలు, స్వాతి నక్షత్రం రోజు మాత్రం గది దొరకడం కష్టం. మేం ఒక సత్రానికి ముందే ఫోన్ చేసి గది చెప్పుకున్నాం. తీరా వెళ్తే అది ఎవరికో ఇచ్చేశారు. మాకు మెట్ల పక్క గది దక్కింది. వేడినీళ్ళు లేవు, పరుపు అప్పడంలా ఉంది. రాత్రంతా గొణుగుతూనే ఉన్నాను.

తెల్లారి పళ్ళు తోముకుంటూ అక్క అడిగింది. "ఒరేయ్, హిరణ్యకశిపుడంటే అర్థం తెలుసా?"

"రాక్షసుడు."

"పేరుకి అర్థం అడిగాన్రా. హిరణ్యం అంటే బంగారం, కశిపు అంటే పరుపు. రాత్రంతా నువ్వు దేని కోసం ఏడ్చావో ఒక్కసారి చూసుకో."

ఆ దెబ్బతో సత్రం గుమాస్తా మీద నా కోపం సగం చల్లారింది. మిగతా సగం అలాగే ఉంచుకున్నాను, ఎందుకంటే చెప్పుకున్న గది ఇవ్వకపోవడం తప్పే.

దిగువన ప్రహ్లాదవరద స్వామి గుడి విజయనగర కాలపు పనితనం. మండపాల స్తంభాలు తీరిగ్గా చూడాలనుకుంటే మధ్యాహ్నం మూసే వేళ ముందే కనుక్కోండి, మేం కనుక్కోక ఒక పూట పోగొట్టుకున్నాం. ఎగువ అహోబిలం అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. గుహలో ఉగ్రరూపంలో ఉన్న స్వామి. 'అహో బలం' అన్న మాటే ఊరి పేరైందని కొందరు, ఈ గుహని చూసి 'అహో బిలం' అన్నారని కొందరు చెప్తారు. ఒక్క అక్షరం మారితే బలం బిలమైపోతుంది. అక్క రెండూ ఒప్పుకుంటుంది. నాకు బిలమే నచ్చింది.

అక్క ఎగువ గుడి దగ్గరే ఆగిపోయింది. డోలీ ఉందంటే, "నన్ను నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది, ఇప్పట్నుంచే ఎందుకు?" అంది. నేను గైడ్‌ని మాట్లాడుకుని, అద్దెకి ఒక కర్ర తీసుకుని బయల్దేరాను. కర్ర తప్పనిసరి. నీళ్ళ బాటిళ్ళు రెండైనా ఉండాలి. అరటిపళ్ళు పైకి కనబడేలా పట్టుకున్నారో, అవి కోతులవే.

గైడ్ కుర్రాడు హుషారైనవాడు. నవ నారసింహులు తొమ్మిది గ్రహాలకి ప్రతీకలనీ, ఏ గుడికి వెళ్తే ఏ దోషం పోతుందో వరసగా చెప్పుకుంటూ నడిచాడు. ఇది ఇక్కడ అందరూ చెప్పేదే. కానీ ప్రతి గుడికీ ఒక లాభం అంటగడితే అది నాకు అర్థం చెప్పినట్టు కాదు, రేట్ల పట్టిక చదివినట్టు అనిపించింది.

భవనాశిని వాగు పక్కన రాళ్ళ మీద నడక. ముందు వరాహ నరసింహుడు, ఇంకా పైకెళ్తే జ్వాలా నరసింహుడు. గుడి ముందు కొండ మీంచి నీళ్ళు పడుతుంటాయి, వాటి కిందనుంచే దాటాలి. హిరణ్యకశిపుణ్ణి చీల్చింది ఇక్కడేనంటారు. స్వామి చేతులు కడుక్కున్న రక్తగుండం కూడా దగ్గర్లోనే ఉంది. ఇంకా పైన ఉగ్రస్తంభం, నిలువునా చీలిన బండ. దానికి సరైన దారంటూ లేదు. నేను సగం వరకు వెళ్ళి కాళ్ళు వణికి కూర్చున్నాను. గైడ్ ఏమీ అనలేదు, మంచివాడు.

చిన్నప్పుడు ఈ కథలో నాకు కావాల్సింది స్తంభం పగలడమే. కాలేజీ రోజుల్లో బండ చీలితే దానికో దేవుడా అని నవ్వాను. ఇప్పుడక్కడ కూర్చుంటే హిరణ్యకశిపుడి వరాల జాబితా గుర్తొచ్చింది. పగలు కాదు, రాత్రి కాదు. లోపల కాదు, బయట కాదు. మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు. చావు రాగల దారులన్నీ ఇన్సూరెన్స్ పాలసీలా రాయించుకున్నాడు. ఆ చావు సంధ్యవేళ, గడప మీద, ఆ జాబితా పట్టించుకోని సందులోంచి వచ్చింది. నాకూ అలాంటి జాబితా ఉంది: పిల్లల ఉద్యోగాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఏడాదికోసారి హెల్త్ చెకప్. ఇదేం లాగిపీకి చెప్పిన అర్థం కాదు. పోతన ప్రహ్లాదుడే తండ్రితో అంటాడు: లోకాలన్నీ గడియలో గెలిచావు గానీ ఇంద్రియాలని, మనసుని గెలవలేకపోయావు, నిన్ను కట్టిపడేసిన ఆరుగురు శత్రువులు లోపలే ఉన్నారు అని.

దిగేటప్పుడు మాలోల నరసింహుడి వైపు తిరిగాం. మా అంటే లక్ష్మి. ఆమెతో కూర్చున్న ప్రశాంత రూపం. దగ్గర్లో ప్రహ్లాద బడి అనే చిన్న గుహ. జ్వాలా చూసొచ్చాక ఇంకాస్త నడిచి ఇది కూడా చూడాలి. పైనుంచే ఫొటోలు తీసుకుని దిగిపోయేవాళ్ళే ఎక్కువ కనిపించారు, వాళ్ళకి కథ చంపడంతోనే ఆగిపోతుంది.

మర్నాడు పావన నరసింహుడి కోసం జీపు. అడవిదారి, నడుం విరుగుతుంది. డ్రైవర్ పదిమంది నిండితే గానీ కదలనన్నాడు. గంటన్నర కూర్చోబెట్టి, ఆ పైన ముందు చెప్పిన రేటు పెంచాడు. నేను వాదనకి దిగాను. తోడుగా ఇంకో కుటుంబం ఉంటే మొత్తం జీపు మాట్లాడుకోండి, రేటు ఎక్కే ముందే తేల్చుకోండి.

తిరిగొచ్చాక అక్కతో ఖర్చుల లెక్క చెప్తూ, "ఇంత దూరం వచ్చినందుకు పెద్దాడికి ఆ ప్రమోషన్ ఒక్కటి వస్తే చాలు" అన్నాను.

అక్క ప్రసాదం పులిహోర తింటోంది. "స్వామి వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు ఏమన్నాడో తెలుసా? వరాల కోసం కొలిచేవాడు భక్తుడు కాడు, వర్తకుడు అన్నాడు."

"మరి ఏమీ కోరలేదా?"

"మనసులో కోరికలే మొలకెత్తకుండా చూడమన్నాడు. తర్వాత వాళ్ళ నాన్నని క్షమించమన్నాడు." కాసేపాగి, "పద్యాలు చెప్పినన్నాళ్ళూ పిల్లలకి ఆ చోటు గబగబా దాటించేసేదాన్ని. పరీక్షలో రాదు కదా" అంది.

యోగానంద, ఛత్రవట గుళ్ళు దిగువనే ఉన్నాయి, ఆటోలో వెళ్ళొచ్చు. మాకు టైం చాలలేదు. తొమ్మిదీ చూడాలంటే కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు పెట్టుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే ఎండ బాధ ఉండదు.

గది ఖాళీ చేసేటప్పుడు గుమాస్తా, "అన్నీ బాగున్నాయా సార్?" అని అడిగాడు. వేడినీళ్ళ సంగతి చెప్పాను. పరుపు అనబోతుంటే అక్క నా వైపు చూసింది.