మా వాడికి వేలిముద్రల టెస్ట్ (డీఎంఐటీ) చేయించాను, డబ్బులు కట్టేముందు ఇది చదవండి

సెంటర్ పేరు రాయట్లేదు, లేనిపోని గొడవ ఎందుకని. విజయవాడలో మొగల్రాజపురం వైపు ఒక సందులో, రెండో అంతస్తు. వేలిముద్రలు చూసి పిల్లల తెలివీ స్వభావమూ చెబుతామనే టెస్ట్ ఇది. స్కూలు వాట్సాప్ గ్రూపుల్లో మీకూ ఆ పోస్టర్ వచ్చే ఉంటుంది, "మీ పిల్లల ప్రతిభ వాళ్ల వేళ్ల చివరే ఉంది" అని. మా వాడు తొమ్మిదో క్లాసు. ఎంపీసీయా బైపీసీయా అన్న రగడ మా ఇంట్లో అప్పుడే మొదలైంది. మా ఆయనది ఒక మాట, మా అత్తగారిది ఇంకో మాట. ఆవిడ లెక్క ప్రకారం వాడు అచ్చం వాళ్ల తాత, తాత లెక్కల్లో దిట్ట, కాబట్టి వీడూ దిట్టే. ఈ గోల ఏదో ఒకటి తేలుతుందని వెళ్లాను. రేటు 6,000 అన్నారు, బేరమాడితే 4,500కి దిగారు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది.

టెస్ట్ అంటే పెద్దగా ఏమీ లేదు. రేషన్ షాపులో వేలు పెట్టే మెషిన్ లాంటిది ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉంది, పది వేళ్లూ ఒక్కోటి మూడు వైపులా తిప్పి పెట్టించారు. మా వాడి కుడి బొటనవేలికి సంక్రాంతి పతంగుల మాంజా తెగిన గీత ఉంది. మెషిన్ దాన్ని ఎంతకీ తీసుకోలేదు. అక్కడి అమ్మాయి టిష్యూతో తుడిచింది, వాడి చేత వేలు ప్యాంటుకి రుద్దించింది, నాలుగుసార్లు చూసి "పర్లేదు ఆంటీ, ఎడమ బొటనవేలిని బట్టి సర్దేస్తాం" అంది. ఇంతకీ బొటనవేలు దేనికమ్మా అని అడిగితే "నాయకత్వానికి" అంది. అంటే మా వాడి నాయకత్వం సర్దుబాటు సరుకన్నమాట.

వారం తర్వాత రిపోర్టు చేతికొచ్చింది. 42 పేజీలు, మందపాటి కాగితం, రంగురంగుల బొమ్మలు. ఎడమ మెదడు 47.3 శాతం, కుడి మెదడు 52.7 శాతం అట. ఆ పాయింట్ మూడు ఎక్కడి నుంచి ఊడిపడిందో దేవుడికే తెలియాలి. ఇంకో పేజీలో "మితభాషి, ఒంటరిగా ఉండటానికి ఇష్టపడతాడు" అని ఉంది. పాల ప్యాకెట్‌కి పంపిస్తే వాచ్‌మన్ కూతురి పెళ్లి సంబంధం ఎంతవరకొచ్చిందో కనుక్కుని గంటకు తిరిగొచ్చే పిల్లాడండీ వీడు. మిగతా పేజీల నిండా "ప్రోత్సహిస్తే రాణిస్తాడు" లాంటి మాటలే, ప్రోత్సహిస్తే రాణించని పిల్లాడు ఎవరింట్లో ఉంటాడు?

కౌన్సెలింగ్ ఇచ్చిన సార్ మాత్రం మాటకారి. "మేడం, వేలిముద్ర అంటే డీఎన్ఏ ప్రింటవుట్. కడుపులో మెదడుతో పాటే తయారవుతుంది, చచ్చేదాకా మారదు" అన్నాడు. మనం పడిపోయేది ఇక్కడే, ఎందుకంటే ఇందులో సగం నిజం. వేళ్ల మీది గీతలు గర్భంలో మూడో నెలలో మొదలై ఐదారు నెలలకల్లా స్థిరపడిపోతాయి, తర్వాత మారవు. కానీ డీఎన్ఏ ప్రింటవుట్ అన్నది శుద్ధ అబద్ధం, అది నాకు మా అక్క ఫోన్ చేశాక గానీ వెలగలేదు.

మా అక్కవాళ్లది గుంటూరు బ్రాడీపేట. దానికి ఇద్దరూ ఆడపిల్లలే, ఒకే అండం నుంచి పుట్టిన కవలలు, నేనే ఇప్పటికీ పేర్లు మార్చి పిలుస్తుంటాను. "ఏమే, నాకు చెప్పకుండా వెళ్లావా, మావాళ్లకీ పోయినేడు ఇక్కడి బ్రాంచిలో చేయించాంగా" అని రెండు రిపోర్టులూ ఫొటోలు తీసి పంపింది. పెద్దదానివి ఎక్కువ చక్రాలట, కాబట్టి "పుట్టు నాయకురాలు". చిన్నదానివి ఎక్కువ శంఖాలు, కాబట్టి "ఇతరులను అనుకరించే స్వభావం, నటన వైపు పంపండి". ఆ నాయకురాలు అరండల్‌పేటలో ఆటో బేరం కూడా చెల్లెలి చేతే ఆడిస్తుంది, అది వేరే సంగతి. అసలు విషయం ఏమిటంటే ఇద్దరి జన్యువులూ దాదాపు ఒకటే, వేలిముద్రలు మాత్రం వేరు. ఒకే గర్భంలో ఉన్నా ఎవరి వేళ్లు ఎంత వేగంగా పెరిగాయి, ఉమ్మనీటి ఒత్తిడి ఎవరి మీద ఎలా పడింది, ఇలాంటి చిన్నచిన్న తేడాలతో గీతలు మారిపోతాయి. అంటే జన్యువుల అద్దం అని మనకి అమ్మిన ఆ వేలిముద్రలోనే పరిసరాల చెయ్యి ఉంది! చక్రాలూ శంఖాలూ అయితే మా అమ్మమ్మ పైసా తీసుకోకుండా చూసేది, పైగా పది వేళ్లకీ చక్రాలుంటే చక్రవర్తివనేది.

వేళ్లలో స్వభావం వెతికే ఈ ఆలోచన కొత్తదీ కాదు. పుట్టుకా, పెంపకమా అన్న చర్చకి ఇంగ్లిష్‌లో ఆ పేరు స్థిరపడేలా చేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టనే వేలిముద్రల మీద 1892లో పుస్తకం కూడా రాశాడు. తెలివితేటలు వంశపారంపర్యం అని గట్టిగా నమ్మిన మనిషి, వేళ్లలో ఆ గుర్తు దొరికితే ఆయనకంటే సంతోషించేవాడు ఉండడు. ఆర్ట్ విద్యార్థులవీ, సైన్స్ విద్యార్థులవీ, పొలం కూలీలవీ పోల్చి చూసి, స్వభావానికీ గీతలకీ సంబంధం దొరకలేదని ఆయనే రాసుకున్నాడు. అక్కడ దొరకనిది నూటముప్పై ఏళ్ల తర్వాత మొగల్రాజపురంలో దొరికిందట. ఈ టెస్టుకి శాస్త్రీయ ఆధారం లేదని మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా చెప్పింది.

అలాగని జన్యువులకి ఏ పాత్రా లేదని నేననట్లేదు. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో థామస్ బౌచర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1979లో మొదలుపెట్టి, చిన్నప్పుడే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలను వెతికి పరీక్షిస్తే, స్వభావంలో వాళ్లు కలిసి పెరిగిన కవలలంత దగ్గరగానే కనిపించారు. 2015లో 2,700కి పైగా కవలల అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కేస్తే, అన్ని రకాల లక్షణాలకూ కలిపి జన్యువుల వంతు సగటున 49 శాతం తేలింది. మా సార్ ఇలాంటి అంకె చూపించే "సగం పుట్టుకతోనే మేడం" అని గదమాయించాడు. ఆ 49కి అర్థం మా వాడి కోపంలో 49 పైసలు వాళ్ల నాన్నవని కాదు. ఒక గుంపులో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో, జన్యువుల తేడాల వల్ల వచ్చేది ఎంత అన్నది ఆ లెక్క. ఒక్క పిల్లాడి గురించి అది ఏమీ చెప్పదు. మిర్చి పండించే ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఒకే ప్యాకెట్ తేజ విత్తనం రెండు చేలల్లో వేస్తే నీటి తడులను బట్టి కాపు మారుతుంది, కారమూ మారుతుంది. ఈ కాయ కారంలో విత్తనానిది ఎంత, నీటిది ఎంత అని యార్డులో అడిగితే నవ్వుతారు.

ఆ మాటకొస్తే మా అత్తగారే నయం. వాడికి కోపమొస్తే మా పుట్టింటి వైపు చూస్తూ "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంటుంది, మార్కులు తగ్గితే స్నేహితుల మీదికి తోసి "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అంటుంది. రెండూ ఆవిడ దగ్గరే ఉన్నాయి, ఎప్పుడు ఏది వాడాలో కూడా తెలుసు.

చివర్లో సార్ ఇంకో ప్యాకేజీ తీశాడు. ఉమ్మి శాంపిల్‌తో జీన్ టెస్ట్, 12,000 అట, "క్రియేటివిటీ జీన్, లీడర్‌షిప్ జీన్ అన్నీ తెలుస్తాయి". స్వభావం వెనక వేల జన్యు తేడాలు ఉంటాయి, ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. లీడర్‌షిప్ జీన్ అంటూ ఒకటి విడిగా కూర్చుని లేదు. దండం పెట్టి వచ్చేశాను.

మంచి కూడా చెప్పాలి కదా. ఏసీ బావుంది. సార్ మా వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఓ అరగంట "నీకేం ఇష్టం, ఏ క్లాసులో టైం తెలియకుండా పోతుంది" అని ఓపిగ్గా అడిగాడు. వాడు బయాలజీ ల్యాబ్ గురించి చెప్పాడు, మేము ఇంట్లో ఎప్పుడూ వినని సంగతి. కాస్త పనికొచ్చింది అదొక్కటే, దానికి వేళ్లతో పనే లేదు. అందుకే ఐదుకి ఒకటిన్నర ఇస్తున్నాను. రీఫండ్ అడిగాను, రిపోర్టు ప్రింటయ్యాక ఇవ్వరట. ఇంత చదివాక కూడా వెళ్తామంటే మీ ఇష్టం, కింద పార్కింగ్ లేదు, బండి ఎదురు సందులో పెట్టుకోవాలి.