కోసే ముందు కొలిచే చోటు: అనంతపురం గుత్తి రోడ్డు రీబోరింగ్ వర్క్‌షాప్

టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే చక్రం) ఉన్న డీజిల్ ఇంజనును ఇంటి వెనక షెడ్డులో విప్పి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి కట్టుకోవడం ఓపిక ఉన్నవారికి అసాధ్యమేమీ కాదు. మంచి స్పానర్ల సెట్టు, టార్క్ రెంచి, చైన్ కప్పీ, సర్వీసు మాన్యువల్ ఉంటే పనిలో ఎక్కువ భాగం ఇంట్లోనే అయిపోతుంది. బోరింగ్ (సిలిండరు గోడను కోసి వెడల్పు చేయడం), హోనింగ్ (ఆ గోడను రాళ్లతో సన్నగా రుద్దడం), హెడ్డు ఫేసింగ్ (ఇంజను పైమూత అడుగును చదును చేయడం) వంటి మిషను పనులకు మాత్రం బయటికి వెళ్లక తప్పదు. అక్కడ పని చెడితే మనం ఎంత శ్రద్ధగా బిగించినా ప్రయోజనం ఉండదు. పిస్టన్లకు కొత్త రింగులు వేసిన ఇంజను కొద్ది రోజులకే మళ్లీ ఆయిలు తాగడం మొదలుపెడుతుంది. అనంతపురంలో గుత్తి రోడ్డు వైపు లారీ షెడ్ల వరుసలో ఉన్న ఒక రీబోరింగ్ వర్క్‌షాప్‌లో నా 2013 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఇంజనుకు ఈ పనులన్నీ చేయించాను. ఇంట్లో ఇంజను కట్టుకునేవారికి ఆ చోటు ఎంతవరకు పనికొస్తుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా ఇంజను గురించి కొంత. ఫియట్ రూపొందించిన 1.3 మల్టీజెట్టే మారుతి కార్లలో డీడీఐఎస్ పేరుతోనూ, టాటా కార్లలో క్వాడ్రాజెట్ పేరుతోనూ తిరిగింది. 1,248 సీసీ, 69.6 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వ్యాసం), 82 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ ఆడే దూరం), ఇనుప బ్లాకు (సిలిండర్లు ఉండే దిమ్మ), అల్యూమినియం హెడ్డు, టైమింగ్ బెల్టుకు బదులు చైను. స్విఫ్ట్‌లో ఉన్న రకం 75 పీఎస్ శక్తినీ, 2,000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్కునూ ఇస్తుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు అమలులోకి రావడంతో మారుతి డీజిల్ కార్ల తయారీ మానేసింది కనుక, బాడీ గట్టిగా ఉన్న పాత బండి చేతిలో ఉన్నవారికి దాని ఇంజనును బాగు చేయించుకోవడమే మేలనిపిస్తుంది.

ఈ వర్క్‌షాప్‌కు ఎక్కువగా వచ్చేవి ట్రాక్టర్లు, లారీలు, బోరుబావులు వేసే బోర్ లారీలు. వాటి పక్కన చిన్న కారు బ్లాకు దించాలంటే ఎవరికైనా కొంత జంకు కలుగుతుంది. అయితే గంటల తరబడి ఎండలో పూర్తి లోడు మీద నడిచే బోర్ లారీ ఇంజన్లు బాగుపడే చోట టర్బోల కష్టసుఖాలు తెలియకుండా ఉండవు. నాలుగు సిలిండర్లకూ బోరు కొడితే ఎంతవుతుందని అడిగినప్పుడు యజమాని ధర చెప్పలేదు. "ముందు కొలుద్దాం సార్, కోసేది తర్వాత మాట. కోసినాక మళ్లా అతికిచ్చేకి రాదు కదా" అని గేజీ తీశాడు.

డయల్ బోర్ గేజీతో ప్రతి సిలిండరునూ పైన, నడుమ, కింద, ప్రతి చోటా క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలిచి, వచ్చిన ఆరు అంకెలనూ మార్కరుతో బ్లాకు మీదనే రాశాడు. మొదటి సిలిండరులో పై రింగు ఆడే చోట అరుగుదల 0.06 మిల్లీమీటర్లు; మిగిలిన మూడూ అంతకంటే మెరుగ్గానే ఉన్నాయి. ఒక్కటి హద్దు దాటినా నాలుగింటికీ ఒకే సైజు పిస్టన్లు వేయాలి కాబట్టి నాలుగూ కోయక తప్పదని అంకెలు చూపించి చెప్పాడు. అప్పుడు కూడా పిస్టన్లు తెచ్చి చేతిలో పెట్టేదాకా బ్లాకును మిషను ఎక్కించలేదు. ఒకే పెట్టెలో వచ్చిన పిస్టన్ల మధ్య కూడా కొద్దిపాటి తేడా ఉండవచ్చు గనుక, ప్రతి పిస్టన్‌నూ స్కర్టు (కింది భాగం) దగ్గర, పిన్నుకు అడ్డంగా మైక్రోమీటరుతో కొలిచి, తల మీద సిలిండరు నెంబరు వేసి, దానికి తగినట్టే ఆ సిలిండరును కోయడం ఇక్కడి పద్ధతి. కొత్త పిస్టన్ ఎంత ఓవర్‌సైజో (పాతదాని కంటే ఎంత పెద్దదో) అడిగి నేరుగా మిషను ఆన్ చేసే చోట్లు ఊళ్లో లేకపోలేదు. అక్కడికి వెళ్లి మిగుల్చుకునే డబ్బు పెద్దదేమీ కాదు. క్రాంకు విషయంలోనూ ఇదే తీరు: జర్నళ్లు (బేరింగుల్లో తిరిగే భాగాలు) కొలతలోనే ఉన్నాయని గ్రైండింగ్ చేయకుండా పాలిష్ మాత్రం చేసి పంపాడు. కోస్తే వచ్చే డబ్బు వదులుకుని కోయవద్దని చెప్పేవాడు ఈ వృత్తిలో అరుదు.

కొలతలన్నీ పొద్దున్నే తీయడం, పిస్టన్లూ బ్లాకూ ముందు రాత్రి నుంచి ఒకే గదిలో ఉండాలని పట్టుబట్టడం నాకు ఇంకా నచ్చాయి. కొలతలకు ప్రామాణికంగా తీసుకునే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు కూడా దాటుతుంది. 70 మిల్లీమీటర్ల ఇనుప బోరు 20 డిగ్రీల తేడాకు సుమారు 0.015 మిల్లీమీటర్లు పెరిగితే, అల్యూమినియం పిస్టన్ దాదాపు దానికి రెట్టింపు పెరుగుతుంది. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండవలసిన సందే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. అలాంటప్పుడు ఎండలో ట్రాలీ ఆటో మీద వచ్చిన పిస్టన్‌ను నీడలో ఉన్న బ్లాకుతో సరిచూస్తే లెక్క ఎక్కడికో పోతుంది. ఈ అంకెలు నేను వేసుకున్నవి. ఆయన మాత్రం "మధ్యాన్నం కొలిస్తే తప్పొస్తుంది సార్" అని ఊరుకున్నాడు.

అరుగుదల బోరు పై భాగంలో ఎక్కువగా ఉండటం చూసి, ఆయన ఇంజనును పక్కన పెట్టి ఎయిర్ ఫిల్టరు గొట్టం సంగతి అడిగాడు. టర్బో కంప్రెసర్ చక్రం రెక్కల అంచులు అరిగి ఉన్నాయేమో చూసుకోమన్నాడు. ఫిల్టరుకూ టర్బోకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం చీలినా, క్లిప్పు వదులైనా, మన దారుల దుమ్ము వడపోత లేకుండా లోపలికి పోయి ముందు ఆ రెక్కలను, తర్వాత రింగులను, బోరును అరగదీస్తుంది. ఇంటికి వచ్చి చూస్తే గొట్టం మడతలో చీలిక ఉంది, రెక్కల అంచులూ మొద్దుబారి ఉన్నాయి. ఆ గొట్టం మార్చకుండా కొత్త పిస్టన్లు వేసి ఉంటే పెట్టిన డబ్బంతా అక్షరాలా మట్టిపాలయ్యేది.

హెడ్డు పని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నీటి తొట్టిలో ముంచి గాలి ఒత్తిడితో పగుళ్లు పరీక్షించాకే ఫేసింగ్‌కు పెట్టారు, వంపు పోయేంత మేరకే కోశారు. డీజిల్ హెడ్డును అవసరానికి మించి కోస్తే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, ఇంజెక్టరు కొన బయటికి పొడుచుకొస్తుంది. ఇంజను కట్టేటప్పుడు పిస్టన్ బ్లాకు అంచు కంటే ఎంత పైకి వస్తోందో కొలిచి, దాన్ని బట్టి హెడ్ గాస్కెట్ (బ్లాకుకూ హెడ్డుకూ మధ్య పెట్టే పొర) మందం ఎంచుకోవాలి. అందుకు కావలసిన డయల్ గేజీ, స్టాండు అడగకుండానే అరువుగా ఇచ్చారు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది కడగడం. హోనింగ్ అయ్యాక బ్లాకును డీజిలుతో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టి ఇచ్చేస్తారు. హోనింగ్ రాళ్ల పొడి గోడ మీది సన్నటి అడ్డగీతల్లో కూరుకుని ఉంటుంది. డీజిలుకు అది పూర్తిగా వదలదు. ఇంటికి తెచ్చాక వేడినీళ్లు, సబ్బుపొడి, బ్రష్షుతో రుద్ది, తెల్లగుడ్డతో తుడిస్తే బూడిదరంగు అంటనంతవరకు కడగాలి, ఆయిలు దారుల్లో సన్నటి బ్రష్షు దూర్చాలి, ఆరిన వెంటనే ఇంజనాయిలు పూయాలి, లేకపోతే ఇనుము చూస్తుండగానే తుప్పు పడుతుంది. మామూలు ఇంజనులో ఈ పొడి రింగులనూ బేరింగులనూ తింటుంది. టర్బో ఇంజనులో దానితో పాటు టర్బోనూ తింటుంది. ఇంత చిన్న టర్బోలో షాఫ్టు నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరుగుతూ, పలుచటి ఆయిలు పొర మీద తేలుతూ ఉంటుంది. దానికి ఆయిలు తెచ్చే గొట్టంలో మాడిన మసి పేరుకునే అవకాశం ఉంది గనుక ఆ గొట్టాన్ని కొత్తది వేయడమే మంచిది. ఇంత నికార్సయిన కొలతలు తీసే చోట ఒక వేడినీళ్ల తొట్టి ఎందుకు పెట్టుకోలేదో నాకు అంతుపట్టలేదు.

టర్బో పని ఇక్కడ చేయరు, బయటికి పంపిస్తారు. అలా వెళ్లి వచ్చిన నా టర్బోకు కొత్త కోరు (షాఫ్టూ చక్రాలూ ఉన్న నడిమి భాగం) వేశారు గానీ, అది ఊగకుండా సమంగా తిరుగుతుందని చూపే బ్యాలెన్సింగ్ చీటీ జతచేయలేదు. చీటీ తెప్పించడానికి బాగా వెంటపడాల్సి వచ్చింది. టర్బోను మాత్రం ఎవరికి వారే, బ్యాలెన్సింగ్ రిపోర్టు చేతికిచ్చే చోటికి తీసుకెళ్లడం ఉత్తమం. వేరుశనగ విత్తే రోజుల్లో ట్రాక్టర్లకే మొదటి వరుస. కారు బ్లాకు వేచి ఉండాల్సిందే, ఈ సీమలో దానికి ఎవరూ తప్పుపట్టరు.

శక్తి పెంచుకోవాలని వచ్చే కుర్రవాళ్లను కూడా అక్కడ చూశాను. ఈసీయూ రీమ్యాప్ (ఇంజను కంప్యూటరు లెక్కలు మార్చడం) చేయించుకుంటాం, దానికి తగ్గట్టు ఇంజను కట్టివ్వమంటారు. రీమ్యాప్‌లో డీజిలూ, బూస్టూ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెరిగితే సిలిండరు లోపలి ఒత్తిడి, పొగగొట్టం వైపు వేడి రెండూ పెరుగుతాయి. ఇదే ఇంజనును 90 పీఎస్‌కు పెంచినప్పుడు తయారీదారు వేరియబుల్ జామెట్రీ టర్బో (పొగ దారి వెడల్పును మార్చుకోగల రకం) అమర్చిన సంగతిని రీమ్యాప్ అమ్మేవారు సాధారణంగా ప్రస్తావించరు. హెడ్డు బోల్టుల బిగువుకు బోరు ఆకారం కొంత మారుతుంది. ఆ బిగువును ముందే కల్పించి హోనింగ్ చేయడానికి వాడే మందపాటి టార్క్ ప్లేటు ఈ ఇంజనుకు ఇక్కడ లేదు. రోజువారీ బండికి దాని కొరత తెలియదు గానీ, ట్యూనింగ్ ఉద్దేశం ఉన్నవారు అది ఉన్న చోటును బెంగళూరులో వెతుక్కోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు లక్షణాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని కట్టడి చేస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంజను అంటుకోకుండా ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకి, ఆయిలు లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టి, టర్బోకు ఆయిలు చేరాకే మొదటిసారి స్టార్టు చేశాను. జాతీయ రహదారి 44 మీద మధ్యస్థమైన లోడుతో, ఒకే వేగాన్ని పట్టుకోకుండా నడిపి రింగులను కుదురుకోనిచ్చాను. తెల్లవారుజామున వచ్చే నీలిపొగ పోయింది, డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం కదలడం లేదు.

పిస్టన్లు, గాస్కెట్లు, టర్బో కాకుండా మిషను పనులన్నిటికీ కలిపి పది వేల రూపాయల లోపే అయింది. బిల్లు అడిగితేనే ఇస్తారు. వెళ్లేవారు బ్లాకుతో పాటు క్రాంకు, రాడ్లు, రాడ్ క్యాపులు అన్నీ జత తప్పకుండా నెంబర్లు వేసి తీసుకెళ్లాలి. ఒక రాడ్డు క్యాపు ఇంకో రాడ్డుకు కూర్చోదు, అక్కడ ఒకే బల్ల మీద నాలుగైదు ఇంజన్ల భాగాలు కలిసి పడి ఉంటాయి.