తెలుగు కీబోర్డు: వార్తకు ఫస్టు, జోకుకు ఫెయిలు

ఆండ్రాయిడ్ ఫోన్లల్ల వచ్చే తెలుగు కీబోర్డుతోని పేపర్ల భాష రాసేటోళ్లకు ఢోకా లేదు. పాలమూరు దోస్తుల గ్రూపుల ఒక జోకు కొట్టాలంటేనే తిప్పలు.

"పరీక్షల ఏం రాసినవ్‌రా?" "పేరు రాసిన."

ఆటో కరెక్షన్ ఆన్ ఉంటే "రాసినవ్" పోయి "రాసినవి" వచ్చి కూసుంటది. "రాసిన" అని ఆపితే ఇంకో పేచీ. పుస్తకాల తెలుగుల అది "రాసిన ఉత్తరం" లెక్క సగం మాట, తర్వాత ఏదో రావాలె. మనకు అదే పూర్తి జవాబు. పోనీ "రాశావురా", "రాశాను" అని దిద్దితే హెడ్‌మాస్టరు విచారణ లెక్కుంటది, నవ్వెక్కడిది?

ఇంగ్లిష్ అక్షరాలతోని కొట్టేటోళ్లకు ద, డ రెండిటికీ ఒక్కటే 'డి'. "చేశాడు" దానికి ఎరుకే, సాఫుగ వస్తది. "చేసిండు" ఎరుక లేక "చేసిందు" అంటది.

ఇలాజు ఉంది. సెట్టింగ్స్‌ల ఆటో కరెక్షన్ బంద్ చేయాలె, సజెషన్లు మాత్రం ఉండనియ్యాలె. పర్సనల్ డిక్షనరీల తెలుగు తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి, మాట ఎక్కియ్యాలె. "వచ్చిండు" ఎక్కిస్తే "తెచ్చిండు" దానంతట అది రాదు, ప్రతి రూపం విడిగ ఎక్కియ్యాల్సిందే. ముందుగాల రోజూ వాడే ముప్పై నలభై చాలు: పోయిండు, అన్నరు, గట్ల, సుత, ఇంట్ల.

ఇంత కష్టమెందుకు, యాస రాస్తే మనల్ని మనమే కమెడియన్లను చేసుకున్నట్టు గాదా అనేటోళ్లు ప్రతి గ్రూపుల ఉంటరు. వాళ్ల చేతుల గట్టి ముక్కే ఉంది: తెలంగాణల కవులే లేరన్న మాటకు మన సురవరం ప్రతాపరెడ్డి 1934ల 354 మంది కవులతోని 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిండు, అండ్ల పద్యాలు యాసల లెవ్వు. నిజమే. కని పద్యం సభకు, జోకు చాయ్ బండికి. చాయ్ బండి కాడ "రాశావురా" అనెటోడు ఎవడు?

మైకు సంగతి: కీబోర్డు తెలుగుల పెట్టినంకనే నొక్కాలె, లేకుంటే మన మాటను ఇంగ్లిష్ అనుకొని రాస్తది. పొడుగు వాక్యం గాకుండ ముక్కలు ముక్కలుగ చెప్పితే తప్పులు తగ్గుతయి. మనం ఎక్కించిన డిక్షనరీ మాటలు మైకు గుర్తువడ్తదని భరోసా పెట్టుకోవద్దు, చెప్పినంక క్రియలు ఒకసారి చూసుకోవాలె.

అయిదుకు మూడు స్టార్లు. డిక్షనరీ ఎక్కించే ఓపిక లేనోళ్లకు రెండే.