మ్యాచ్ ప్యాకేజీ కొనే ముందు అది లీగా, కప్పా అని అడగండి: తిరుపతి నుంచి ఒక హెచ్చరిక

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్టు, ఒక రాత్రి హోటల్ గది కలిపి అమ్ముతున్న ప్యాకేజీని తిరుపతిలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర కొని, సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయితో కలిసి వెళ్లి వచ్చాను. ఇద్దరికీ కలిపి 1,36,000 రూపాయలు చెల్లించాను. చెన్నై నుంచి విమానం ఖర్చు దీనికి అదనం. ఏ ఆటగాళ్ల ఫొటోలు చూపించి ఆ డబ్బు తీసుకున్నారో వారిలో ఒక్కరు కూడా ఆ రోజు మైదానంలోకి దిగలేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందువల్ల ఏజెన్సీ పేరును ఇక్కడ రాయడం లేదు. క్లబ్బు పేరును రాయకపోవడానికి కారణం వేరు: తప్పు క్లబ్బుది కాదు.

ఏజెన్సీ గోడ మీద అతికించిన పోస్టరులో క్లబ్బు చిహ్నం, ముగ్గురు ప్రసిద్ధ ఆటగాళ్ల ఫొటోలు, తేదీ పెద్దగా కనిపించాయి. ప్రత్యర్థి జట్టు పేరు చిన్న అక్షరాల్లో ఉంది. పోటీ పేరు మాత్రం ఎక్కడా లేదు. కౌంటర్లోని యువకుణ్ణి అడిగితే, ‘పెద్ద టీం సార్, ఎవరితో ఆడితే ఏముంది, స్టేడియం నిండిపోతుంది’ అన్నాడు. ఇంటర్ చదివే మా అబ్బాయికి అప్పుడే అనుమానం వచ్చింది. ‘ఎదుటి జట్టు ప్రీమియర్ లీగ్‌ది కాదు నాన్నా, ఇది ఎఫ్ఏ కప్ మూడో రౌండ్ అయ్యుంటుంది’ అన్నాడు. ఏదైతేనేం, చూసేది ఆ జట్టునే కదా అని నేను వాడి మాటను కొట్టిపారేశాను. ఆ ఒక్క మాట పట్టించుకుని ఉంటే ఈ హెచ్చరిక రాయవలసిన అవసరం వచ్చేది కాదు.

ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ వేరు, ఎఫ్ఏ కప్ వేరు, లీగ్ కప్ వేరు. ప్రీమియర్ లీగ్‌లో అగ్రశ్రేణి క్లబ్బులు 20 ఒక్కొక్కటి 38 మ్యాచ్‌లు ఆడతాయి. ప్రతి పాయింటూ చివరి పట్టికలో లెక్కకు వస్తుంది. కప్పులో కింది లీగ్‌ల క్లబ్బులూ ఆడతాయి; ఓడితే ఇంటికే, గెలిస్తే తర్వాతి రౌండుకు. డబ్బు సంగతి చూస్తే అసలు విషయం తేటతెల్లమవుతుంది. ప్రీమియర్ లీగ్‌లో చిట్టచివర నిలిచిన క్లబ్బుకు కూడా ఆ ఏడాది పది కోట్ల పౌండ్ల పరిసరాల్లో వాటా ముడుతుండగా, ఎఫ్ఏ కప్ ఫైనల్ గెలిచినవారికి ఇటీవల దక్కుతున్నది 20 లక్షల పౌండ్లు, లీగ్ కప్ విజేతకు దక్కేది లక్ష పౌండ్ల మేరకే. లీగ్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిస్తే మరుసటి ఏడాది యూరప్‌లోని పెద్ద క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో చోటు దొరుకుతుంది. ఎఫ్ఏ కప్ గెలిస్తే దొరికేది దానికంటే కింది మెట్టు అయిన యూరోపా లీగ్. అందువల్ల వారంలో మూడు మ్యాచ్‌లు మీద పడినప్పుడు, పెద్ద క్లబ్బు కోచ్ ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చేది కప్పు మ్యాచ్‌లోనే, అందులోనూ తొలి రౌండ్లలోనే.

ఇదేమీ రహస్యంగా జరిగే పని కాదు. 2019 డిసెంబర్ 17న లీగ్ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ఆస్టన్ విల్లా మీదికి లివర్‌పూల్ పూర్తిగా కుర్రాళ్ల జట్టును పంపి 5–0తో ఓడింది. మరుసటి రోజే ఖతార్‌లో క్లబ్ వరల్డ్ కప్ సెమీఫైనల్ ఉండటంతో అసలు జట్టంతా అక్కడే ఉంది. 2025 ఫిబ్రవరిలో అదే క్లబ్బు లీగ్‌లో అగ్రస్థానంలో ఉండి, ఎఫ్ఏ కప్ నాలుగో రౌండ్‌కు సలా, వాన్ డైక్ వంటి ప్రధాన ఆటగాళ్లను ఇంటి దగ్గరే వదిలి ప్లిమత్ వెళ్లి 1–0తో ఓడిపోయింది. ఆ మే నెలకల్లా లీగ్ ట్రోఫీ వారి చేతిలో ఉంది. ఆ లెక్కలో చూస్తే కోచ్ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. సలాను చూద్దామని ప్లిమత్‌కు టికెట్టు కొన్నవారి సంగతి వేరు.

దీనికి ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. విగన్ 2013లో మాంచెస్టర్ సిటీని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన మూడు రోజులకే ప్రీమియర్ లీగ్ నుంచి కింది లీగ్‌కు పడిపోయింది. క్రిస్టల్ ప్యాలెస్ 2025లో అదే కప్పు గెలిచినప్పుడు, అది ఆ క్లబ్బు చరిత్రలోనే మొదటి పెద్ద ట్రోఫీ. లీగ్ టైటిల్ గెలిచే అవకాశం లేని, కిందికి పడిపోయే భయం కూడా లేని మధ్య స్థాయి క్లబ్బులు కప్పును ప్రాణంగా చూసుకోవడం సహజం. కాబట్టి కప్పు మ్యాచ్ అంటేనే నాసిరకం అని నేను అనడం లేదు. ఏ క్లబ్బు, ఏ రౌండు, ఆ మ్యాచ్‌కు ముందూ వెనకా ఏముంది అన్నదే తేల్చుకోవలసిన సంగతి. మన దేశంలోనూ ఇదే తీరు: 2025లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన మోహన్ బగాన్, భువనేశ్వర్‌లో జరిగిన సూపర్ కప్‌కు చాలామంది సీనియర్లు లేకుండానే వెళ్లింది.

మ్యాచ్ రోజు సంగతికి వస్తాను. ఆట మొదలయ్యే ముందు జట్టు జాబితా ఫోన్‌కు వచ్చింది. మా అబ్బాయి చూసి, ఏమీ మాట్లాడకుండా ఫోన్ నా చేతికిచ్చాడు. అంతకుముందు వారం లీగ్‌లో ఆడిన పదకొండు మందిలో ఇద్దరే మిగిలారు. గోల్‌కీపర్ కూడా మారాడు. పోస్టరు మీది ముగ్గురిలో ఒకరు పొడవాటి కోటు తొడుక్కుని బెంచీ మీద కూర్చున్నారు, తక్కిన ఇద్దరూ స్టేడియానికే రాలేదు. నాలుగు రోజుల తర్వాత వారికి లీగ్‌లో పెద్ద మ్యాచ్ ఉంది. ఆ సంగతి అందరికీ అందుబాటులో ఉండే పట్టికలో నెలల ముందు నుంచే ఉంది. నేనే చూసుకోలేదు.

మా పక్క సీట్లో మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చిన స్థానిక పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన ముఖంలో ఏ నిరాశా లేదు. లీగ్ మ్యాచ్ టికెట్టు తమలాంటివారికి దొరకదనీ, సీజన్ టికెట్లవారే సీట్లన్నీ నింపేస్తారనీ, కప్పు తొలి రౌండ్ల టికెట్లు చవకగా బయటికి వస్తాయి కనుక పిల్లవాడికి స్టేడియం చూపించడానికి ఇదే అదననీ చెప్పారు. ఆయన టికెట్టు 25 పౌండ్లు, మనవడిది అందులో సగం కూడా కాదు. ఆ పక్క సీటు నుంచి అదే ఆటను చూడటానికి మేము కట్టిన ధర, హోటల్ గదిని తీసేసినా, దానికి ఇరవై రెట్లకు పైమాటే. ఆయనకు తాను ఏం కొంటున్నాడో తెలుసు. ఏజెన్సీకి ఆ టికెట్లు సులువుగా ఎందుకు దొరికాయో కూడా నాకు అప్పుడే అర్థమైంది.

మరొక సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. మా ఇద్దరి ఫోన్లకు వచ్చిన పాసుల మీద మా పేర్లు లేవు. ఎవరో ఇద్దరు క్లబ్బు సభ్యుల పేర్లున్నాయి. గేటు దగ్గర ఎవరూ అడగలేదు గనుక లోపలికి వెళ్లగలిగాం. ఇంగ్లండ్, వేల్స్‌లలో నిర్వాహకుల అనుమతి లేకుండా ఇటువంటి మ్యాచ్ టికెట్లను తిరిగి అమ్మడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. పట్టుబడితే క్లబ్బు ఆ పాసును అక్కడికక్కడే రద్దు చేయగలదు. వేరేవాళ్ల పేరుతో ఉన్న 300 రూపాయల దర్శనం టికెట్టును దళారి దగ్గర వేలు పోసి కొని, వైకుంఠం క్యూ కాంప్లెక్సు దగ్గర ఆధార్ కార్డు చూపించలేక వెనక్కి వచ్చే యాత్రికులను చూసి, ‘ఇంత అమాయకంగా ఎలా కొన్నారండీ’ అని అడిగే ఊరు మాది. ఆ ఊరివాణ్ణే, అదే పని, ఏడు సముద్రాల అవతల చేసి వచ్చాను.

కాబట్టి ఇటువంటి ప్యాకేజీ కొనదలచినవారు పోటీ పేరునూ రౌండునూ రసీదు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడితో లేచి వచ్చేయండి. క్లబ్బు అధికారిక వెబ్‌సైటులో ఆ తేదీకి వారం ముందూ వారం వెనకా ఏయే మ్యాచ్‌లున్నాయో స్వయంగా చూడండి. ముఖ్యంగా ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ గానీ, పోటాపోటీగా ఉన్న లీగ్ మ్యాచ్ గానీ దగ్గరలో ఉంటే, ఫొటోలోని ఆటగాళ్లు మీకు కనిపించరనే అనుకుని ధర లెక్కకట్టండి. టికెట్టు క్లబ్బు గుర్తించిన విక్రేత ద్వారా మీ పేరు మీదే వస్తుందా అని అడగండి. ఫలానా ఆటగాడు తప్పక ఆడతాడని ఎవరైనా హామీ ఇస్తే అది అబద్ధమే, ఎందుకంటే గాయాల వల్లనో జ్వరం వల్లనో లీగ్ మ్యాచ్‌లో సైతం ఎవరైనా తప్పుకోవచ్చు; నా ఫిర్యాదు వారు ఆడనందుకు కాదు, ఆడే అవకాశం తక్కువని తెలిసి కూడా పోటీ పేరును దాచినందుకు.

తిరిగి వచ్చాక ఏజెన్సీకి లిఖితపూర్వకంగా రాశాను. ‘మ్యాచ్ జరిగింది, మీరు చూశారు, గది ఇచ్చాం, ఇంకేం కావాలి’ అన్నది వారి జవాబు సారాంశం. ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికే వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వారంలోగా సమాధానం రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. దానికి రెండేళ్ల గడువు ఉంటుంది. పోస్టరును ఆ రోజే మా అబ్బాయి సరదాకు ఫొటో తీసుకోవడం ఇప్పుడు పనికొస్తోంది. మీరు కూడా డబ్బు కట్టే ముందు ప్రకటనను ఫొటో తీసి పెట్టుకోండి.

నిన్న గాంధీ రోడ్డు వైపు వెళ్తూ చూస్తే, అదే ఏజెన్సీ గోడ మీద అవే మూడు ఫొటోలతో కొత్త పోస్టరు కనిపించింది. తేదీ మార్చి మొదటి వారం, ప్రత్యర్థి పేరు చిన్న అక్షరాల్లో, పోటీ పేరు ఎప్పటిలాగే లేదు. ఆ తేదీకి ఉన్నది ఎఫ్ఏ కప్ ఐదో రౌండ్. కొనాలనుకునేవారు అడిగితే నా రసీదును, పాత పోస్టరు ఫొటోను చూపిస్తాను.