నిత్యం దాచి మోయడానికి గ్లాక్ 43ఎక్స్: సైజు గురించి నా అంచనా

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, తుపాకీ కలిగి ఉండే అర్హతను చట్టప్రకారం కోల్పోని, 21 ఏళ్లు నిండినవారు లైసెన్సు లేకుండానే పిస్తోలును వెంట ఉంచుకోవచ్చు. అయితే హెచ్‌1బీ, ఎఫ్‌1 వంటి వీసాల మీద ఉన్నవారు, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ కలిగి ఉండడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది కనుక, ఈ సమీక్ష గ్రీన్‌కార్డు గానీ పౌరసత్వం గానీ ఉన్నవారి కోసమే.

కొత్తగా కొనేవారు సాధారణంగా ముందు చూసేది బ్యారెల్ (తూటా బయటికి వచ్చే గొట్టం) పొడవును. కానీ నడుము లోపలి హోల్‌స్టర్‌లో (పిస్తోలు ఉంచే ఒరలో) బ్యారెల్ ప్యాంటు లోపలికే పోతుంది. బెల్టు పైన మిగిలి చొక్కాను ఉబ్బెత్తుగా చూపేది పిడి. బ్యారెల్ కాస్త పొడవుగా ఉంటే బెల్టు కింద ఆనిక దొరికి, పిడి బయటికి ఒరగకుండా ఉంటుంది కూడా. కాబట్టి సైజు అంటే ప్రధానంగా పిడి ఎత్తు, ఆ తర్వాత మందం.

ఈ లెక్కన 2019లో వచ్చిన గ్లాక్ 43ఎక్స్ కొంచెం విచిత్రమైన పిస్తోలు. దీని ఎత్తు, 1988 నుంచి అమ్ముడవుతున్న గ్లాక్ 19 ఎత్తుతో సమానంగా, సుమారు 128 మిల్లీమీటర్లు. అంటే దాచడంలో అసలు ఇబ్బంది పెట్టే కొలత ఏమాత్రం తగ్గలేదు. తగ్గినవి మందం, బరువు, 102 నుంచి 87 మిల్లీమీటర్లకు దిగిన బ్యారెల్. తూటాలు నింపినప్పుడు గ్లాక్ 19 దాదాపు 850 గ్రాములు తూగితే ఇది 650 గ్రాములు మాత్రమే. కాగితం మీద చిన్నవిగా కనిపించే ఈ తేడాలు, రోజంతా కారు సీటులోనూ ఆఫీసు కుర్చీలోనూ కూర్చునేవారి పొట్టకు బాగానే తెలుస్తాయి. ప్రతిఫలంగా వదులుకునేది మ్యాగజైన్‌లోని (తూటాలు నింపి పిడిలో అమర్చే డబ్బాలోని) 5 తూటాలు: 15కు బదులు 10.

పిడి పొడవుగా ఉంచడం వల్ల లాభం కాల్చేటప్పుడు కనిపిస్తుంది. భారత్‌లో పౌరులకు నిషిద్ధమైన 9 ఎం.ఎం. తూటాయే ఇక్కడ అన్నిటికంటే సాధారణం. తేలికైన పిస్తోలులో దాని తన్ను, అంటే కాల్చగానే చేతిని వెనక్కి తోసే దెబ్బ, ఎక్కువగానే ఉంటుంది. చిటికెన వేలికి కూడా చోటు దొరకడంతో 43ఎక్స్‌ను అదుపులో ఉంచుకోవచ్చు. 2018లో వచ్చిన సిగ్ పీ365 ఎత్తు దాదాపు 109 మిల్లీమీటర్లే అయినా దాని మ్యాగజైన్‌లోనూ 10 తూటాలు పడతాయి కనుక, కేవలం దాచడమే ప్రమాణమైతే అదే మెరుగని ఒప్పుకోవాలి. రుగర్ ఎల్‌సీపీ వంటి జేబు పిస్తోళ్లు ఇంకా సులువుగా దాగుతాయి గానీ, వాటితో సాధన చేయాలంటే చేతికి విసుగు పుడుతుంది. సాధన లేని ఆయుధాన్ని నేను సిఫారసు చేయను.

నా తీర్పు దుస్తులను బట్టి మారుతుంది. పండుగలకు వేసుకునే లాల్చీ కింద గ్లాక్ 19 కూడా హాయిగా దాగుతుంది. చిక్కంతా జూలై ఎండలో వేసుకునే పలుచని టీషర్టుతోనే. మధ్యస్థ శరీరం ఉన్నవారికి అక్కడ 43ఎక్స్ సరిపోతుంది. సన్నగా ఉన్నవారు, పిల్లలను ఎత్తుకోవడానికి తరచూ వంగేవారు పీ365 వైపు వెళ్లడం మేలు. ఏదైనా సరే, కొనేముందు కాల్పుల సాధన చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చి చూడాలి.

గ్లాక్ 43ఎక్స్‌కు చేత్తో వేసే సేఫ్టీ మీట లేదు కనుక, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, గట్టి బెల్టు, ఇంట్లో పిల్లలకు అందకుండా తాళం వేసే పెట్టె, వీటికి అయ్యే ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. తర్వాత రెడ్‌డాట్ (గురి చూడడానికి ఎర్ర చుక్క చూపే పరికరం) బిగించే ఆలోచన ఉంటే మామూలు మోడల్ కాక, దాన్ని బిగించే వీలుతో వచ్చే ఎంఓఎస్ మోడల్‌నే అడగండి.