తల్లి బిడ్డతో మరో స్టేట్‌కు మారితే పెళ్లికాని తండ్రికి ఏది మేలు?

"అన్నా, బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు నాదే ఉంది. మరి ఆవిడ బాబును తీసుకుని టెక్సాస్ ఎలా వెళ్లిపోతుంది?"

అట్లాంటా శివార్లలో ఒక ఫ్యామిలీ లాయర్ ఆఫీసులో పదకొండేళ్లుగా పారాలీగల్‌గా పనిచేస్తున్నాను. పెళ్లి కాకుండా తండ్రైన మనవాళ్ల నుంచి ఈ ప్రశ్న ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది. ఫోన్ చేసేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇండియాలో అమ్మానాన్నలకు బిడ్డ సంగతే చెప్పనివాళ్లు ఉన్నారు. స్నేహితులకు తెలిస్తే ఏమనుకుంటారోనని నోరు మెదపనివాళ్లు ఉన్నారు. ఆ మొహమాటంలో నెలలు గడిచిపోతాయి. వాళ్లు నష్టపోయేది కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే. అందుకే ఇది రాస్తున్నాను. నేను లాయర్‌ని కాదు, రోజూ ఈ ఫైళ్ల మధ్య ఉండే మనిషిని. మీ స్టేట్‌లో లాయర్‌ను కలిసే ముందు ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

అందరూ అడిగేది ఇదే. ఆవిడతో మాట్లాడుకుని సర్దుకోవడం మేలా? ఇక్కడే కోర్టులో వేయడం మేలా? ఉద్యోగం మార్చుకుని వెనకాలే వెళ్లడం మేలా? అవసరమైతే తర్వాత అక్కడే వేసుకుంటే సరిపోదా?

ముందు బర్త్ సర్టిఫికెట్ సంగతి తేల్చుకుందాం. ఆసుపత్రిలో ఇద్దరూ సంతకం పెట్టిన పేపర్ వల్ల మీరు ఆ బిడ్డకు తండ్రి అని ఖాయమవుతుంది. సంతకం వెనక్కి తీసుకోవడానికి 60 రోజుల గడువుంటుంది, అది దాటితే మోసమో, ఒత్తిడో, అసలు విషయంలో పొరపాటో జరిగిందని చూపించాల్సిందే. కానీ తండ్రి అవడం వేరు, కస్టడీ ఉండడం వేరు. ఒహాయోలో పెళ్లికాని తల్లికి బిడ్డ పుడితే కోర్టు ఆర్డర్ వచ్చేదాకా కస్టడీ ఆమె ఒక్కదానిదే. ఇక్కడ జార్జియాలోనూ అంతే, తండ్రి కోర్టులో లెజిటిమేషన్ (తండ్రిగా చట్టపరమైన హోదా ఇమ్మనే) పిటిషన్ వేసి గెలిచేదాకా అతనికి కస్టడీ హక్కు లేదు. కాలిఫోర్నియాలో చట్టం తండ్రిగా గుర్తించినవాడికి తల్లితో సమానమైన హక్కు ఉంటుంది. ఫ్లోరిడా 2023 జూలై 1 నుంచి ఆ దారికి వచ్చింది. ఒకే రకం సర్టిఫికెట్ చేతిలో ఉన్న ఇద్దరు తండ్రులకు, ఉన్న స్టేట్‌ను బట్టి బలం మారిపోతుంది.

నా ఉద్దేశంలో అసలు తేల్చేది ఇది కూడా కాదు. కోర్టులో ఎవరు మంచివాళ్లు, ఎవరు ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టారు అన్న ప్రశ్న రాకముందే, ఏ స్టేట్ కోర్టు వినాలి అన్న ప్రశ్న వస్తుంది. ఎక్కడ వేయాలన్నది అక్కడే తేలిపోతుంది. దానికి కొలత ఆరు నెలలు.

1997లో తయారైన యూసీసీజేఈఏ అనే నమూనా చట్టాన్ని దాదాపు అన్ని స్టేట్‌లూ తమ చట్టంగా చేసుకున్నాయి. దాని ప్రకారం కేసు వేసేనాటికి ముందు బిడ్డ వరుసగా ఆరు నెలలు తల్లితోనో తండ్రితోనో ఎక్కడ ఉంటే అదే హోమ్ స్టేట్. ఆరు నెలలు నిండని పసిబిడ్డకైతే పుట్టినప్పటి నుంచి ఉన్న చోటే. కస్టడీ మొదట తేల్చే అధికారం ఆ స్టేట్‌దే. బిడ్డ వెళ్లిపోయినా పాత స్టేట్‌కు ఆ అధికారం ఇంకో ఆరు నెలలు మిగిలి ఉంటుంది, అయితే అమ్మానాన్నల్లో ఒకరు ఇంకా అక్కడే ఉండాలి. ఆ గడువులోపల మీరు ఫైల్ చేస్తే కేసు మీ ఊళ్లో నడుస్తుంది. గడువు దాటితే బిడ్డ కొత్త స్టేట్‌లో ఆరు నెలలు పూర్తి చేసి ఉంటాడు కాబట్టి అదే హోమ్ స్టేట్ అయి కూర్చుంటుంది.

పైన ప్రశ్న అడిగిన అబ్బాయి విషయంలో జరిగింది ఇదే. బాబుకు అప్పుడు నాలుగేళ్లు. తల్లి జనవరి 12న బాబుతో టెక్సాస్‌లోని ఫ్రిస్కో వెళ్లింది. ఆమె అక్క అక్కడే ఉంటుంది, మంచి ఉద్యోగం కూడా వచ్చింది. అతనికి అడ్డు చెప్పాలనిపించలేదు. డే కేర్ ఫీజు బిల్లు వెనకవైపు ఇద్దరూ కూర్చుని రాసుకున్నారు: నెలకో వీకెండ్, సమ్మర్‌లో నెల రోజులు, రోజూ రాత్రి 7 గంటలకు వీడియో కాల్, గొడవ వస్తే అట్లాంటా కోర్టులోనే తేల్చుకోవాలి. కింద రెండు సంతకాలు, తేదీ. ఆ కాగితాన్ని మడత నలగకుండా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని తెచ్చాడు. తర్వాత ఫోన్ తీసి కాల్ లిస్ట్ చూపించాడు. ఫిబ్రవరిలో అన్నీ 7 గంటలకే. ఏప్రిల్‌లో 7:40, 8:05. మే నెలలో వరుసగా మిస్డ్ కాల్స్, మధ్యలో "నిద్రపోయాడు, రేపు చేయి" అని మెసేజ్‌లు. అతను మా ఆఫీసుకు వచ్చింది ఆగస్టు 3న. గడువు జూలై 12తో అయిపోయింది. మూడు వారాలు ఆలస్యం.

మరి ఆ కాగితం ఎందుకూ పనికిరాదా అని అడిగాడు. అతను బాబు జీవితంలో ఉన్నాడని చూపించడానికి కొంత పనికొస్తుంది. కానీ అది కోర్టు ఆర్డర్ కాదు, దాన్ని పట్టుకుని ఫ్రిస్కో పోలీసుల దగ్గరికి వెళ్లినా వాళ్లు ఏమీ చేయలేరు. ఇక అట్లాంటా కోర్టులోనే తేల్చుకోవాలన్న ఆ చివరి లైన్‌కు విలువే లేదు. ఏ స్టేట్ కోర్టుకు అధికారం అన్నది చట్టం చెప్పాలి, ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన లేని అధికారం రాదు. ఈ మాట చెప్పినప్పుడు అతని మొహం చూడలేకపోయాను.

మాట్లాడుకోవడం తప్పని నేను అనడం లేదు. రేపు స్కూల్లో చేర్పించాలన్నా, జ్వరమొస్తే ఫోన్ చేయాలన్నా ఆ ఇద్దరే మాట్లాడుకోవాలి. ఖర్చు తక్కువ, మనసులూ అంతగా విరగవు. తల్లిని దొంగలా చూడడం కూడా అన్యాయం. ఒంటరిగా బిడ్డను పెంచేటప్పుడు అక్క ఉన్న ఊరికి వెళ్లాలనుకోవడంలో తప్పేముంది? కానీ ఆ మాటలు నడుస్తున్నంతసేపూ కేలెండర్ ఆగదు. బాబుకు కొత్త ప్రీస్కూల్, కొత్త పీడియాట్రిషన్, కొత్త ఫ్రెండ్స్. ఆరు నెలల తర్వాత ఏ జడ్జి చూసినా కుదురుకున్న పిల్లవాడే కనిపిస్తాడు, అతన్ని కదిలించడానికి వెనకాడతాడు. మీ మంచితనమే మీకు ఎదురు సాక్ష్యమవుతుంది.

ఉన్న చోటే ఫైల్ చేయడం దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొదట్లో కష్టం, తర్వాత తేలిక. జార్జియాలో లెజిటిమేషన్‌తో పాటే కస్టడీ కూడా అడగవచ్చు. తల్లి వేరే స్టేట్‌లో ఉంటే తండ్రి ఉండే కౌంటీలోనే పిటిషన్ వేయవచ్చు. తండ్రికి బిడ్డతో బంధం పెంచుకునే అవకాశం ఉన్నా దాన్ని వదిలేసుకున్నాడా అని ఇక్కడి కోర్టులు 1987 నుంచీ చూస్తున్నాయి. అంటే ఆలస్యం చేస్తే గడువు పోవడమే కాదు, తండ్రిగా మీ స్థానానికే దెబ్బ. కాలిఫోర్నియాలోనైతే పేరెంటేజ్ కేసు (బిడ్డకు తల్లిదండ్రులెవరో తేల్చమనేది) వేసి సమన్లు అందజేయగానే, అవతలివాళ్ల ఒప్పుకోలు గానీ కోర్టు ఆర్డర్ గానీ లేకుండా బిడ్డను స్టేట్ దాటించకూడదన్న నిషేధం దానంతట అదే మొదలవుతుంది. తల్లి ఇంకా బయల్దేరకముందే మీకు తెలిస్తే ఇంతకంటే పెద్ద రక్షణ లేదు.

ఆర్డర్ వచ్చాక దొరికేది ఇంకా విలువైనది. మొదట ఆర్డర్ ఇచ్చిన స్టేట్‌కే దాన్ని మార్చే అధికారం మిగులుతుంది. మీరు అక్కడే ఉన్నంతకాలం కొత్త స్టేట్ కోర్టు మామూలుగా దాన్ని ముట్టుకోదు, పైగా మీరు దాన్ని అక్కడ రిజిస్టర్ చేయిస్తే అమలు చేసి తీరాలి. ఆవిడ టెక్సాస్ నుంచి రేపు సియాటిల్ వెళ్లినా మీ ఆర్డర్ వెంటే వెళ్తుంది.

ఫైల్ చేస్తే బాబు వెనక్కి వచ్చేస్తాడని మాత్రం అనుకోవద్దు. అధికారం మీ కోర్టుదే అయినా, బిడ్డకు ఏది మంచిదో చూసి తల్లి అక్కడే ఉండవచ్చని అదే కోర్టు అనవచ్చు. 2004లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఒహాయో వెళ్తానన్న తల్లి కేసులో, తండ్రితో పిల్లల బంధానికి జరిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలంది. 2017లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, మారడానికి తల్లి దగ్గర మంచి కారణం ఉంటే చాలదు, బిడ్డ మేలే కొలమానం అంది. ఆ రెండూ విడాకుల కేసులే, కానీ జడ్జిలు ఎటువైపు ఆలోచిస్తున్నారో తెలుస్తుంది. మీ బంధం ఎంత గట్టిదో చూపించే కాగితాలు అందుకే కావాలి: డే కేర్‌లో దింపినప్పుడు పెట్టిన సంతకాలు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, ఇన్సూరెన్స్‌లో బాబు పేరు, నెలనెలా పంపిన డబ్బు. ఒక్క మాట, డబ్బు పంపితే కస్టడీ హక్కు రాదు. కోపంతో ఆపేస్తే మాత్రం నష్టం తప్పదు. ఆ రెండూ వేర్వేరు విషయాలు.

ఇక వెనకాలే వెళ్లడం. బిడ్డ దగ్గర ఉండాలన్న తపనకు ఇంతకంటే సూటి దారి లేదు. నిజంగా వీలున్నవాళ్లకు నేను వద్దని చెప్పను. ఐదేళ్లలోపు పిల్లలను ఎయిర్‌లైన్స్ ఒంటరిగా ఎక్కించుకోవు కాబట్టి ప్రతి నెలా మీరే వెళ్లి తీసుకురావాలి, మళ్లీ మీరే దింపి రావాలి. ఒకే ఊళ్లో ఉంటే ఆ బాధ లేదు. కానీ మనవాళ్లలో చాలామంది హెచ్‌1బీ మీద ఉంటారు. పనిచేసే చోటు వేరే మెట్రో ఏరియాకు మారితే, 2015లో ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన సిమియో నిర్ణయం ప్రకారం కంపెనీ ముందుగా వీసా పిటిషన్‌కు అమెండ్‌మెంట్ ఫైల్ చేయాలి. కంపెనీ ఒప్పుకోకపోతే కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి. అంతకంటే ముఖ్యమైనది ఎవరూ గమనించరు. ఫైల్ చేయకుండా మీరు కూడా జార్జియా వదిలేస్తే, అమ్మానాన్నల్లో ఒకరు అక్కడే ఉండాలన్న షరతు పోతుంది. మిగిలి ఉన్న గడువు ఆ రోజుతోనే ముగిసినట్టు. ఆర్డర్ వచ్చాక మారినా, అందరూ వదిలేసిన స్టేట్‌కు ఆ ఆర్డర్ మీద పట్టు ఉండదు. వెళ్లదలిస్తే అన్నీ తేలాక, తెలిసి వెళ్లండి.

అక్కడికెళ్లి వేయడం అన్నది గడువు దాటినవాళ్లకు మిగిలే దారి. ఫ్రిస్కో కేసులో మేం చేసింది అదే, అక్కడి లాయర్‌కు ఫైల్ పంపాం. అంత భయపడాల్సిన పనీ లేదు. వేరే స్టేట్‌లో ఉన్నవాళ్లు వీడియోలోనో ఫోన్‌లోనో సాక్ష్యం చెప్పడానికి చట్టం వీలిస్తుంది. వంద మైళ్లు దాటి ఉన్న తండ్రికి టెక్సాస్ స్టాండర్డ్ ఆర్డర్‌లో (బిడ్డతో గడిపే రోజులకు చట్టంలోనే ఉన్న నమూనా) సమ్మర్‌లో 42 రోజులు, ప్రతి స్ప్రింగ్ బ్రేక్ ఉంటాయి. అతనికి చివరికి దాదాపు అదే వచ్చింది. ఏడుస్తూ వచ్చినవాడికి అది తక్కువేం కాదు. కానీ ఇకమీదట ఏ మార్పు కావాలన్నా అతను టెక్సాస్ కోర్టు గుమ్మమే ఎక్కాలి.

కిడ్నాప్ అని పోలీస్ కంప్లయింట్ ఇద్దామంటారు కొందరు. ఆర్డర్ లేకుండా అది మామూలుగా నిలబడదు. ఆవిడకు తెలియకుండా బాబును తెచ్చేసుకుంటాననేవాళ్లూ ఉన్నారు. వద్దు, కస్టడీ తల్లిదే అయిన స్టేట్‌లో అది మీ మీదే క్రిమినల్ కేసు కావచ్చు. పుటేటివ్ ఫాదర్ రిజిస్ట్రీలో (బిడ్డకు తండ్రిని నేనని చెప్పుకునేవాళ్ల ప్రభుత్వ జాబితా) పేరు రాయించుకోవడం మంచిదే, అది ముఖ్యంగా బిడ్డను మీకు తెలియకుండా దత్తత ఇవ్వకుండా కాపాడుతుంది, ఊరు మారడాన్ని ఆపదు. ఇండియా తీసుకెళ్తుందేమోనన్న భయం ఉంటే విషయం వేరు. 1980 హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. 18 ఏళ్లలోపు బిడ్డకు అమెరికన్ పాస్‌పోర్ట్ అప్లై చేస్తే మీకు తెలిసేలా స్టేట్ డిపార్ట్‌మెంట్ అలర్ట్ ప్రోగ్రామ్‌లో ఈ రోజే పేరు నమోదు చేయించండి.

తల్లి దెబ్బలకు భయపడి పారిపోయి ఉంటే లెక్క మారుతుంది. కొత్త స్టేట్ కోర్టు అత్యవసరంగా తాత్కాలిక రక్షణ ఇవ్వగలదు, ఇవ్వాలి కూడా.

నన్ను అడిగితే మాటలా, కోర్టా అని విడదీయడమే పొరపాటు. ముందు ఫైల్ చేయండి, తర్వాత తీరిగ్గా మాట్లాడుకోండి. కుదిరిన మాటను జడ్జి సంతకంతో కన్సెంట్ ఆర్డర్ చేయించుకోండి. నిరుడు ఇంకో తండ్రి వచ్చాడు. పాప తల్లితో నార్త్ కరోలినాలోని కేరీకి వెళ్లి అప్పటికి ఐదు వారాలే. ఫైల్ చేయబోతున్నానని ముందు రోజు ఆవిడకు ఫోన్ చేసి చెప్పమన్నాం. ఆవిడ ఒక వారం మాట్లాడలేదు. తర్వాత మీడియేషన్‌కు వచ్చింది. నాలుగో నెలలో ఆర్డర్ వచ్చింది. అందులో రాసినవి ఆ డే కేర్ బిల్లు వెనక ఉన్నవే అనుకోండి: నెలకో వీకెండ్, సమ్మర్‌లో నెల, రాత్రి 7 గంటలకు కాల్. డిసెంబర్‌లో ఆవిడ క్రిస్మస్ సెలవులకు పాపను పంపనంది. అతను ఆర్డర్‌ను అక్కడి కౌంటీ కోర్టులో రిజిస్టర్ చేయించి, లాయర్ చేత ఒక ఉత్తరం పంపించాడు. 23న పాప అట్లాంటా ఎయిర్‌పోర్ట్‌లో దిగింది.