వరంగల్ చౌరస్తా కాడి ఇత్తడి దుకాణం: డ్రాగ్‌స్టర్ మోడల్ చేసెటోళ్లకు పనికొస్తదా?

ముందే చెప్తున్న, బిందెలు చెంబులు కొననీకె పోయెటోళ్లకు ఈ రివ్యూ పనికిరాదు. వరంగల్ చౌరస్తా నుంచి లోపలి గల్లీలకు పోతె ఒక పాత ఇత్తడి రాగి దుకాణం ఉంటది, పేరు రాస్తలేను, ఎందుకంటె కింద పొగుడుడుతోని పాటు తిట్లు కూడ ఉన్నయి. బోరు మోటర్లు రివైండింగ్ చేసెటోళ్లు, లేత్ మిషనోళ్లు ఇక్కడికెళ్లే సరుకు తీస్కపోతరు. రేకు, కడ్డీ, తీగ, పట్టీ, వైండింగ్ వైరు, మాటు వేసే తీగ అన్నీ ఒక్కకాడ దొరుకుతయి. నా పనేందంటె 1960ల నాటి అమెరికా డ్రాగ్‌స్టర్లను (డ్రాగ్ రేస్ బండ్లను) 1/25 స్కేల్‌ల, అంటె అసలు దాంట్ల ఇరవై ఐదో వంతు సైజుల, కిట్టు గిట్ట ఏం లేకుండ, ఇత్తడితోని మొదటికెళ్లి చేసుడు. ఈ దుకాణానికి నా అసొంటి గిరాకీ ఇంకొకడు ఉంటడని నేను అనుకోను.

తెల్వనోళ్ల కోసం రెండు ముక్కలు. డ్రాగ్ రేస్ అంటె పావు మైలు, 1,320 అడుగులు, సీదా రోడ్డు, రెండు బండ్లు పక్కపక్కన. నేను చేసేటివి స్లింగ్‌షాట్లు, అంటె డ్రైవర్ వెనక ఇరుసు కంటె కూడ ఇంకా వెనకకు కూసుంటడు, ఇంజిన్ ఆయన ముందల ఉంటది, క్రైస్లర్ కంపెనీ 392 హెమీ (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), దాని నెత్తి మీద జీఎంసీ డీజిల్ ఇంజిన్లకెళ్లి తీసిన 6-71 బ్లోవర్ (ఇంజిన్‌లకు గాలి నెట్టేది), మొత్తం బండి అంటె ఇంజినూ నాలుగు చక్రాలూ ఒక పొడుగాటి పైపుల నిచ్చెన, అంతే. 1970 మార్చిల అమెరికాల లయన్స్ డ్రాగ్ స్ట్రిప్ మీద డాన్ గార్లిట్స్ అనే పేరున్న రేసర్ బండిల ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంల కొంత భాగం పోయింది, దాని తర్వాత 1971ల ఆయన ఇంజిన్‌ను వెనకకు పెట్టిన బండి తెచ్చి గెల్సుడు షురూ చేసిండు, ఇగ కొన్నేండ్లల్లనే స్లింగ్‌షాట్ల కథ అయిపోయింది. నాకు ఆ వెనక ఇంజిన్ బండ్ల మీద అంత మోజు లేదు, సేఫ్టీ మంచిదే గాని చూడనీకె స్లింగ్‌షాటే అందం.

ఇత్తడే ఎందుకంటె, 60ల చివరకొచ్చేసరికి వీల్‌బేస్ (ముందు ఇరుసుకెళ్లి వెనక ఇరుసు దాక దూరం) 200 అంగుళాలు దాటింది, స్కేల్‌ల అది 8 అంగుళాలు. గంత పొడుగు ప్లాస్టిక్ కడ్డీ మధ్యల కుంగుతది, ఇత్తడి అయితె మాటు పడ్డంక గట్టిగ నిలవడ్తది. అసలు బండిల ఒకటిన్నర అంగుళం పైపు ఉంటె మనకు దాదాపు 1.5 మి.మీ. కావాలె. అదృష్టం ఏందంటె ఈ దుకాణంల 1.5 మి.మీ. తీగ ఎప్పుడు అడిగినా ఉంటది.

ఇగ అసలు పంచాయతీ తూకం కాడ. 1.5 మి.మీ. తీగ మీటరుకు 15 గ్రాములు తూగుతది. ఒక ఛాసిస్‌కు, అంటె ఆ పైపుల నిచ్చెనకు, రోల్ కేజ్ (డ్రైవర్‌ను కాపాడే పైపుల పంజరం) తోని కలిపి, మూడు మీటర్లు మస్తు. "ఎన్ని కిలోలు తమ్మీ" అని దుకాణం పెద్దాయన అడిగితె "మూడు మీటర్లు చాలే" అన్న, ఆయన తీగ చుట్ట చేతుల పట్టుకోని నన్ను పైకెళ్లి కిందికి చూసి "ముక్కుపుడక చేస్తున్నవా" అన్నడు, పక్కన లేత్ పిలగాడు ఒకటే నవ్వుడు. పావు కిలో కంటె తక్కువ కొయ్యడట, రూల్ అట. పావు కిలో అంటె 16 మీటర్ల పైన, ఐదు ఛాసిస్‌ల సరుకు. రేటు రోజుకోతీరు ఉంటది కాబట్టి ఇక్కడ రాస్తలేను, పోయిననాడు అడుగుండ్రి. ఎంత బతిమిలాడినా రూల్ మారలే, ఇది నాకు నచ్చలే, కాని తీగ ఖరాబయ్యేది కాదు కదా అని తీస్కున్న.

ఇది మాత్రం జాగ్రత్తగ చదవుండ్రి, పైసలు మిగుల్తయి. "ఇత్తడి కడ్డీ ఇయ్యి" అంటె దుకాణపాయన లేత్ కడ్డీ తీసి ఇస్తడు, ఎందుకంటె అందరూ అడిగేది అదే. అది సీసం కలిపిన ఇత్తడి, ఐఎస్ 319 రకం, లేత్ మీద పెడితె పొట్టు పొడిపొడిగ రాల్తది, చక్కగ కోత పడ్తది, కాని వంచితె టక్కున పగుల్తది. రోల్ కేజ్ మలుపు చిన్నగ ఉంటది, అక్కడ ఈ కడ్డీ పనికిరాదు. వంచేటందుకు చుట్టల వచ్చే తీగే కావాలె, దాంట్ల సీసం ఉండదు. ఆ తీగ గూడ రెండు మూడు సార్లు వంచితె బిర్రుగ అయితది, అప్పుడు లైట్ తక్కువున్న కాడ మందంగ ఎర్రవడేదాక కాల్చి నీళ్లల్ల ముంచితె మళ్ల మెత్తవడ్తది. దుకాణపాయనకు ఈ తేడా తెల్వదని కాదు, కౌంటర్ కాడ నిలవడ్డోనికి వివరంగ చెప్పే ఓపిక లేదు, అంతే. ముచ్చట పక్కకు పోతున్నా గాని ఒక మాట, లేత్ కడ్డీని కూడ వదలొద్దు, బండి ముందల పెట్టే మూన్ ట్యాంక్ (గుండ్రటి ఫ్యూయల్ ట్యాంక్) 10 మి.మీ. కడ్డీకెళ్లి గీయించుకుంటె గింత పనికి లేత్ పిలగాడు చాయ్ పైసలే తీస్కుంటడు, ముందు చక్రాల రిమ్ములు గూడ గంతే.

రేకు సంగతి సగం సగం. 30 గేజ్ అంటె దాదాపు 0.3 మి.మీ., బాడీకి, ఇంజిన్ పట్టే ప్లేట్లకు అదే కరెక్ట్. దొరుకుతది, కాని చుట్టకెళ్లి కోసి ఇస్తడు కాబట్టి వంకర పోదు, పైన గీతలుంటయి, అంచు కత్తెర కాడ వంగి ఉంటది. కోసేటప్పుడు అంచుకెళ్లి కాకుండ చుట్ట లోపలికెళ్లి ఇయ్యమను. ముక్కు భాగం గుండ్రంగ రావాలంటె రేకును కాల్చి లక్క మీద పెట్టి కొట్టుడే, మన పెంబర్తిల శిల్పాలు కొట్టెటోళ్ల పద్ధతే ఇది, జనగామ దిక్కు పోయినోళ్లు వాళ్ల పని ఒక్కసారి నిలవడి చూస్తె చెయ్యి ఎట్ల తిప్పాల్నో అర్థమైతది.

సన్న గొట్టాలు మాత్రం లెవ్వు. 6 మి.మీ. కంటె తక్కువ పైపు అడిగితె మనిషి మొకం కూడ చూడడు. దీనికి నా ఉపాయం పాత రేడియోల ఏరియల్. ఒకదాంట్లకెళ్లి ఒకటి జారే గొట్టాలు, మస్తుగ పైన క్రోమ్ లోపల ఇత్తడే ఉంటది, రంపంరేకుతోని గీకితె పసుపు కనవడ్తె సరే, తెల్లగనే ఉంటె స్టీలు, పక్కన పడెయ్యి. క్రోమ్ మీద మాటు అంటదు, గీకాల్సిందే. వెనక ఇరుసు హౌసింగ్‌కు ఇంతకంటె మంచిది ఈ ఊర్ల దొరకదు. ఫ్యూయల్ లైన్లకు సూది మందు సూదులు.

దుకాణంల నాకు మనసు నిండిన సరుకు ఏదంటె వైండింగ్ వైరు. అసలు బండిల ప్లగ్ వైరు 7-8 మి.మీ., స్కేల్‌ల దాదాపు 0.3, 30 గేజ్ వైండింగ్ వైరు దాదాపు అదే లావు, ఎనామిల్ రంగుతోనే వస్తది, ఇంజిన్‌కు తొడిగితె పెయింట్ గిట్ట అక్కర్లేదు. హెమీకి ప్లగ్గులు హెడ్ మధ్యలకెళ్లి వస్తయి కదా, ఎనిమిది వైర్లు ఒకే వంపుల పెట్టి చూడుండ్రి, మోడల్ మొకమే మారిపోతది. చుట్టల మిగిలిన తునకలు నాకు ఫ్రీగ ఇచ్చిండు, ముక్కుపుడక జోకు ఏసిన పెద్దాయనే.

మాటు తీగ 60/40 (తగరం 60, సీసం 40) ఉంది, మంచిదే, 190 డిగ్రీలకు కరుగుతది. కాని ఒక అతుకు పెడ్తుంటె పక్క అతుకు ఊడొచ్చే బాధ తప్పది, అందుకని ఛాసిస్ మెయిన్ అతుకులు వెండి మాటుతోని పెట్టి, చిన్న చిన్నవి తర్వాత దీంతోని పెట్టుకోవాలె, వెండి మాటు 600 డిగ్రీల పైన కరుగుతది కాబట్టి రెండోసారి వేడికి ఏం కాదు. అది ఈ దుకాణంల దొరకదు, అవుసులాయన కాడికి పోవాలె. మాటుకు ముందు చింతపండుతోని రుద్ది కడుగుండ్రి, ఇంట్ల ఇత్తడి సామాను తోమినట్టే, పని అయినంక ఫ్లక్స్‌ను (మాటు అంటనీకె పూసే మందును) వేన్నీళ్లతోని కడగకపోతె వారంల పచ్చగ చిలుం లేస్తది.

తిట్లు ఇంకా ఉన్నయి. బిల్లు అడిగితె చీటీ మీద రాసిస్తడు. లేత్ వాళ్లొస్తె నువ్వు ముందు నిలవడ్డా వాళ్లకే ముందు. గేజ్ ఎంత అని అడిగితె వేలుతోని తడిమి చెప్తడు, రెండు సార్లకు ఒకసారి తప్పే, కాబట్టి లావు కొలిచే వెర్నియర్ జేబుల పెట్టుకోని పోండ్రి, కోసినంక వాపస్ తీస్కోడు. గల్లీల బైక్ పెట్టనీకె జాగ లేదు.

నా మార్కులు 5కు మూడున్నర. తీగ, వైండింగ్ వైరు కోసం తప్పకుండ పోవచ్చు, రేకుకు ఇంకో దుకాణం దొరికితె చూసుకోండ్రి, గొట్టాలకు అసలు పోవద్దు. ఆదివారం బంద్, మధ్యాహ్నం అన్నం టైంల పోతె పెద్దాయన ఉండడు, కొడుకు ఉంటడు, ఆయన పావు కిలో రూల్ కొంచెం సడలిస్తడు.